గేర్‌బాక్స్‌కు మళ్లీ కొలతలు: ఇంటి దగ్గర ఏఎంటీ క్యాలిబ్రేషన్

ఏఎంటీ అని జనం పొట్టిగా పిలిచే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్‌లో గేర్‌బాక్స్ కొత్తదేమీ కాదు. ఎడమ కాలితో క్లచ్ తొక్కి, ఎడమ చేత్తో రాడ్డు కదిపి గేరు మార్చే పాత గేర్‌బాక్సే అది. అదే క్లచ్ ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, అవే పళ్ల చక్రాలు. తేడా అల్లా ఒక్కటే: కాలూ చెయ్యీ చేసే పనిని ఎలక్ట్రిక్ మోటార్లో, నూనె ఒత్తిడితో కదిలే పిస్టన్లో చేస్తాయి. ఎప్పుడు ఎంత కదలాలో టీసీయూ అనే చిన్న కంప్యూటర్ చెబుతుంది. మనిషి నడిపేటప్పుడు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలుస్తుంది. ప్లేటు అరిగే కొద్దీ ఆ చోటు జరుగుతుంది, పాదం కూడా తెలియకుండానే సర్దుకుంటుంది. కంప్యూటర్‌కు పాదం లేదు. దాని దగ్గర ఉన్నది ఒక అంకె. ఆ అంకెకూ లోపలి ప్లేటుకూ పొత్తు చెడితే బండి కుదుపుతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. ఆ అంకెను మళ్లీ సరిచేయడమే క్యాలిబ్రేషన్. కొన్నేళ్ల కిందటి దాకా కంపెనీ సర్వీస్ సెంటర్లలోనే జరిగిన ఈ పని ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, అగ్గిపెట్టెంత అడాప్టర్, బండికి సరిపడే సాఫ్ట్‌వేర్ ఉంటే హైదరాబాద్ తార్నాకలోని ఏ అపార్ట్‌మెంట్ దగ్గరైనా చేసుకోవచ్చు. చేయకూడని సందర్భాలూ ఉన్నాయి, వాటిని ముందుగా తెలుసుకోవడమే ఇందులో సగం పని.

ఈ ఏర్పాటు పందెపు కార్ల నుంచి దిగివచ్చింది. 1989లో ఫార్ములా వన్ పోటీల్లోకి వచ్చిన ఫెరారీ 640 కారుకు క్లచ్ తొక్కకుండా, స్టీరింగ్ వెనకున్న మీటలతో గేర్లు మార్చే గేర్‌బాక్స్ ఉండేది. దాన్ని రూపొందించిన ఇంజనీరు జాన్ బర్నార్డ్. ఆ ఏడాది మార్చిలో బ్రెజిల్‌లో జరిగిన మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ ఆ కారుతో గెలిచాడు. 1997లో ఆ పద్ధతి ఫెరారీ 355తో మామూలు రోడ్ల మీదికి, 1999లో ఆల్ఫా రోమియో 156 సెలెస్పీడ్‌తో అంతకంటే చవక కార్లలోకి దిగింది. ఈ కార్లకు నూనె ఒత్తిడితో నడిచే పరికరాలు సమకూర్చిన ఇటలీ సంస్థ మాగ్నెటి మారెల్లి. భారతదేశంలో జనం కొనగలిగే ధరలో ఏఎంటీని తెచ్చిన మారుతీ సెలేరియో 2014 ఫిబ్రవరిలో వచ్చింది. దాని వెనకా ఉన్నది ఆ మారెల్లి పరికరాలే. అదే ఏడాది టాటా జెస్ట్ డీజిల్, ఆల్టో కే10, తర్వాత 2016లో రెనో క్విడ్, 2018లో హ్యుందయ్ శాంత్రో అదే బాట పట్టాయి. పూర్తి ఆటోమేటిక్ కన్నా ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కు దగ్గర. ఈ రెండు కారణాలతోనే చిన్న కార్లలో ఏఎంటీ పాతుకుపోయింది. పందెంలో మెరుపులా గేరు మార్చిన పద్ధతి చవక కారులోకి వచ్చేసరికి తలలు ముందుకు ఊగేంత నెమ్మదించిందని దెప్పేవాళ్లు ఉన్నారు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

ఇలాంటి బండికి తార్నాక ప్రాంతం పెద్ద పరీక్షే. ఉప్పల్ నుంచి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రోడ్డు పొడవునా నెత్తిన మెట్రో లైను, కింద సిగ్నళ్లు. ఆఫీసు వేళల్లో అక్కడ కార్లు నడవవు, పాకుతాయి. బ్రేకు వదలగానే చాలా ఏఎంటీ కార్లు తమంతట తాము మెల్లగా ముందుకు కదులుతాయి. అలా కదలడమంటే క్లచ్ సగం పట్టి, సగం జారడం. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఆ జారుడంతా నూనెలో జరుగుతుంది. ఏఎంటీలో పొడి ప్లేటు మీద జరుగుతుంది, ఆ వేడి ప్లేటే భరించాలి. అడిక్‌మెట్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో లాలాపేట రైలు వంతెన మీదో ట్రాఫిక్ ఆగిపోతే, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా ఇస్తూ బండిని ఏటవాలులో నిలబెట్టేవాళ్లు చాలామంది. క్లచ్ ప్లేటును ఇంతకంటే తొందరగా తినేసే అలవాటు ఇంకొకటి లేదు. ఉస్మానియా యూనివర్సిటీ లోపలి రోడ్లు ఖాళీగా కనిపించినా స్పీడ్ బ్రేకర్ల దగ్గర బండి ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఊగిసలాడుతుంది. ఈ చుట్టుపక్కలే తిరిగే ఏఎంటీ కారు, హైవే మీద అన్నే కిలోమీటర్లు తిరిగిన కారు కన్నా ముందుగా క్యాలిబ్రేషన్‌కు రావడంలో వింత లేదు.

పని మొదలుపెట్టే ముందు బండిలో ఉన్నది ఏ రకం ఏఎంటీయో తెలియాలి. మారెల్లి రకంలో ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు ప్రత్యేకమైన నూనెను ఒత్తిడికి గురిచేసి, అక్యుములేటర్ అనే గుండ్రటి డబ్బాలో నిలవ ఉంచుతుంది. ఆ ఒత్తిడి సుమారు 40 నుంచి 50 బార్లు. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకే ఉంటుందని గుర్తుంచుకుంటే అది ఎంతో అర్థమవుతుంది. సోలినాయిడ్ వాల్వులు ఆ నూనెను కావలసిన పిస్టన్ వైపు వదులుతాయి. డ్రైవర్ తలుపు తెరవగానే బానెట్ కింద నుంచి జుయ్యిమని రెండు మూడు సెకన్ల పాటు వినిపించే చప్పుడు చాలా కార్లలో ఈ పంపుదే. డ్రైవర్ కూర్చునే లోపు ఒత్తిడి సిద్ధంగా ఉండాలని చేసిన ఏర్పాటు అది. క్విడ్, శాంత్రో లాంటి కార్లలో నూనె ఉండదు, నేరుగా ఎలక్ట్రిక్ మోటార్లే పని చేస్తాయి. నూనె రకంలో లీకు, పంపు అరుగుదల, ఒత్తిడి తగ్గడం చూసుకోవాలి. మోటారు రకంలో వైరింగు, కనెక్టర్లు, మోటార్ బ్రష్‌లు చూసుకోవాలి. ఒకదానికి రాసిన పద్ధతిని రెండోదానికి వాడితే పని చెడుతుంది.

ఏ రకమైనా కంప్యూటర్ గుర్తుంచుకోవలసిన కొలతలు రెండు జాతులు. మొదటిది గేర్ల పటం. మాన్యువల్ కారులో రాడ్డు అడ్డంగా కదిలి వరస ఎంచుకుంటుంది, నిలువుగా కదిలి గేరులో పడుతుంది. ఏఎంటీలోనూ కదలికలు ఆ రెండే. ప్రతి వరసా ఎక్కడుంది, ప్రతి గేరూ ఎక్కడిదాకా వెళ్తే పూర్తిగా పడినట్టు, న్యూట్రల్ సరిగ్గా ఎక్కడ అన్నది సెన్సర్ల అంకెల్లో టీసీయూ రాసి పెట్టుకుంటుంది. గేర్‌బాక్స్ విప్పకపోతే ఈ పటం పెద్దగా మారదు. రెండోది క్లచ్ పట్టుకునే చోటు, మెకానిక్కుల మాటల్లో టచ్ పాయింట్. ఇదే అసలు చిక్కు. ప్లేటు మీది లైనింగు అరిగే కొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, దాని వెనక డయాఫ్రం స్ప్రింగు వేళ్లు గేర్‌బాక్స్ వైపు లేస్తాయి, వాటిని నొక్కే రిలీజ్ బేరింగు చోటు మారుతుంది. ప్లేటు జీవితకాలమంతా కలిపి అరిగేది కొద్ది మిల్లీమీటర్లే. కానీ బండి కుదుపు లేకుండా కదలాలంటే టీసీయూ అందులో చాలా చిన్న వంతును కూడా సరిగ్గా తెలుసుకోవాలి. బండి నడుస్తున్నప్పుడు అది కొంత వరకూ తనంతట తానే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకు ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటినప్పుడు, లేదా క్లచ్ ప్లేటో యాక్చువేటరో టీసీయూనో మార్చినప్పుడు, పాత కొలతలు తీసేసి కొత్తగా నేర్పక తప్పదు. తూకం వేసే ముందు ఖాళీ త్రాసుకు ధడా కట్టడం లాంటిదే ఇది. ధడా కట్టినంత మాత్రాన పగిలిన తట్ట అతుక్కోదు.

అందుకే లక్షణాలను విడదీసి చూడాలి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు తల ఊగేంత కుదుపు, డ్రైవ్‌లో పెట్టాక బండి కదలడానికి ఎక్కువ సమయం తీసుకోవడం, పాకేటప్పుడు వణుకు, రివర్సులో ఒక్కసారిగా ఎగరడం టచ్ పాయింట్ తప్పిందని చెప్పే గుర్తులు. వాటిలో చాలా భాగం వేరే కారణాల వల్లా వస్తాయి. ఇంజిన్ మౌంటింగులు చితికితే ప్రతి గేరు మార్పుకూ ఇంజిన్ మొత్తం ఊగి అదే కుదుపు ఇస్తుంది. థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే ఐడిలింగు తడబడి క్లచ్ మీద నింద పడుతుంది. బ్రేకు పెడల్ దగ్గరుండే స్విచ్ చెడితే బండి గేరులోకే రాదు, ఎందుకంటే బ్రేకు తొక్కారని ఆ స్విచ్ చెప్పనిదే టీసీయూ గేరు వెయ్యదు. కొద్ది రూపాయల స్విచ్ కోసం గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్లు లేకపోలేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరిగి వేగం పెరగకపోవడం, కాలిన వాసన రావడం మాత్రం ప్లేటు అయిపోయిందని అర్థం. దానికి క్యాలిబ్రేషన్ మందు కాదు. రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణంలో క్లచ్ సెట్టు కొనుక్కుని షెడ్డుకు వెళ్లడమే దారి.

ఇక కంప్యూటర్‌తో మాట్లాడే దారి ఓబీడీ (ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్) సాకెట్. స్టీరింగ్ కింద, మోకాళ్ల ఎత్తున, పదహారు పిన్నులతో ఉంటుంది. పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి అమెరికా 1996 నుంచి కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. భారతదేశంలో భారత్ స్టేజ్ 4 నిబంధనల కింద మొదటి దశ ఓబీడీ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో అమలుకు వచ్చాయి. కాబట్టి సెలేరియో మొదలుకొని ఇక్కడి ఏఎంటీ కార్లన్నిటికీ ఈ సాకెట్ ఉంటుంది. అందులో 16వ పిన్ను బ్యాటరీ కరెంటు, 4, 5 ఎర్తింగు, 6, 14 క్యాన్ అనే సమాచార తీగలు. కారులోని కంప్యూటర్లన్నీ ఆ రెండు తీగల మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ క్యాన్ పద్ధతిని జర్మనీ సంస్థ బాష్ 1986లో ప్రకటించింది.

సాకెట్ అందరికీ ఒకటే అయినా భాష అంతా ఒకటి కాదు. కాలుష్యానికి సంబంధించిన తప్పులను చెప్పే కోడ్‌లను ఏ చవక యాప్ అయినా చదువుతుంది. అందుకే ఏఎంటీ తప్పు చేసినప్పుడు మామూలు యాప్‌లో తరచుగా కనిపించేది పీ 0700 ఒక్కటే. దాని అర్థం ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉందని మాత్రమే. ఆ ఫిర్యాదు ఏమిటో టీసీయూనే అడగాలి. అక్కడ పీ 0900 ఉంటే క్లచ్ యాక్చువేటర్ సర్క్యూట్ తెగిందని, పీ 0810 ఉంటే క్లచ్ చోటు అదుపు తప్పిందని, పీ 0914 ఉంటే గేరు చోటు చెప్పే సర్క్యూట్‌లో తేడా ఉందని తెలుస్తుంది. పీ తర్వాత 1 ఉంటే అది కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఆ కంపెనీ పట్టికలో చూడవలసిందే.

టీసీయూతో మాట్లాడే సాఫ్ట్‌వేర్లు బండిని బట్టి మారతాయి. మారుతీ సర్వీస్ సెంటర్లలో సుజుకీ డయాగ్నస్టిక్ టూల్ వాడతారు. రెనో కార్లకు పైథాన్‌లో రాసిన డీడీటీ4ఆల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాని మూల కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. ఫియట్, ఆల్ఫా కార్ల కోసం మల్టీఈసీయూస్కాన్, ఒపెల్ కార్ల కోసం ఓపీకామ్ యూరప్‌లో బాగా వాడకంలో ఉన్నాయి. షెడ్డుల్లో కనిపించే లాంచ్, ఆటెల్ స్కానర్లు పలు కంపెనీల బండ్లను చూస్తాయి. ఏది కొన్నా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: మన బండి మోడల్‌కు, అది తయారైన ఏడాదికి, కోడ్ చదవడమే కాక ఏఎంటీ క్యాలిబ్రేషన్ కూడా ఇందులో ఉందా? చదవడం ఒక ఎత్తు, చేయించడం ఇంకో ఎత్తు. కొత్త కార్లు వాడే యూడీఎస్ అనే ప్రమాణంలో కొలతలు చదివే ఆదేశం వేరు, లోపలి పని చేయించే ఆదేశం వేరు. ఆ రెండో ఆదేశానికి ముందు చాలా టీసీయూలు ఒక అంకె ఇచ్చి, దానికి సరైన జవాబు రానిదే తలుపు తియ్యవు. ఆ జవాబు లెక్క తెలియని సాఫ్ట్‌వేర్ మెనూలో క్యాలిబ్రేషన్ అని రాసి ఉన్నా పని జరగదు.

అడాప్టర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంటి దగ్గర చేసే ప్రయత్నాల్లో ఎక్కువ చెడేది ఇక్కడే. బజారులో దొరికే అడాప్టర్లలో చాలావాటి మీద ఈఎల్‌ఎం327 అని ఉంటుంది. ఆ చిప్పును తయారుచేసింది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్. దాని తొలి రూపానికి కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు ప్రపంచమంతా నిండాయి. చాలా నకళ్లు 1.5 అనో 2.1 అనో వెర్షను చెప్పుకుంటాయి కానీ అసలు చిప్పుకు ఉన్న ఆదేశాల్లో కొన్నిటికి జవాబివ్వవు. పొడవైన సందేశాలను మధ్యలో తెంపేస్తాయి. ఇంజిన్ వేడి చూడటానికి అలాంటిది సరిపోతుంది. గేరు యాక్చువేటర్ సగం దూరంలో ఉండగా సందేశం తెగితే మాత్రం బండి అక్కడే ఆగిపోతుంది. బ్లూటూత్ కన్నా యూఎస్‌బీ తీగ ఉన్న అడాప్టర్ మేలు. ల్యాప్‌టాప్ నిండా చార్జింగు ఉండాలి, స్క్రీన్ దానంతట అది ఆరిపోయే సెట్టింగు, అప్‌డేట్లు ఆపేయాలి.

చోటు ఎంపిక మీద శ్రద్ధ పెట్టాలి. తార్నాక, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలో పార్కింగు చాలా వరకూ సెల్లారులోనే. ర్యాంపు మీద ఈ పని చేయకూడదు, నేల సమతలంగా ఉండాలి. క్యాలిబ్రేషన్‌లో ఒక భాగం ఇంజిన్ ఆన్‌లో ఉండగా జరుగుతుంది. గాలి ఆడని సెల్లారులో ఇంజిన్ నడిస్తే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, కాబట్టి బండిని ఆరుబయటికి తేవడం ఉత్తమం. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టాలి. లెక్క తప్పితే బండి ఒక్క గెంతు గెంతవచ్చు. ముందు గోడ, వెనక మనిషి ఉండకూడదు.

తర్వాత బ్యాటరీ. నిలకడగా ఉన్న బ్యాటరీలో 12.6 వోల్టులు ఉంటే నిండినట్టు, 12.4 ఉంటే పని నడుస్తుంది, 12.2కు దిగితే ముందు చార్జింగు పెట్టాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచినంత సేపూ టీసీయూ, పంపు, మోటార్లు బ్యాటరీనే తాగుతాయి. వోల్టేజీ పడిపోతే సెన్సర్ల అంకెలు కూడా కదులుతాయి, అలా నేర్చుకున్న కొలత తప్పు కొలతే. అందుకే ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపాలి. వీలైతే బ్యాటరీకి చార్జరు తగిలించి ఉంచాలి. నూనె రకమైతే రిజర్వాయర్‌లో మట్టం చూడాలి. అందులో పోసేది బండి పుస్తకంలో చెప్పిన ఏఎంటీ నూనె మాత్రమే. బ్రేకు ఆయిలో గేరు ఆయిలో పోస్తే సీళ్లు ఉబ్బి అసలుకే మోసం వస్తుంది. బ్రేకు తొక్కితే వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో పక్కన ఒకరిని నిలబెట్టి చూస్తే స్విచ్ సంగతి తేలిపోతుంది.

సాఫ్ట్‌వేర్ కలిశాక మొదటి పని చదవడం, మార్చడం కాదు. ఉన్న కోడ్‌లన్నీ రాసుకోవాలి. లైవ్ డేటాలో క్లచ్ చోటు, టచ్ పాయింట్, గేర్ సెలెక్టు చోటు, ఎంగేజ్ చోటు, నూనె ఒత్తిడి, బ్యాటరీ వోల్టేజీ ఫోటో తీసి ఉంచుకోవాలి. పని బెడిసికొడితే మెకానిక్కుకు చూపించడానికి ఈ పాత అంకెలే ఆధారం. తర్వాత కోడ్‌లు చెరిపి, తాళం ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడాలి. వెంటనే తిరిగొచ్చిన కోడ్ నిజమైన తప్పు. సెన్సరో వైరో పాడైందని టీసీయూ చెబుతుండగా క్యాలిబ్రేషన్ మొదలుపెట్టడం దండగ. చాలా టీసీయూలు ఆ స్థితిలో మొదలే కానివ్వవు.

సాఫ్ట్‌వేర్ మెనూలో ఈ పనికి ఒకే పేరు ఉండదు. గేర్ సెల్ఫ్ లెర్నింగ్, క్లచ్ లెర్నింగ్, ఎండ్ ఆఫ్ లైన్, యాక్చువేటర్ అడాప్టేషన్, ఇలా ఉంటాయి. సాధారణంగా ముందు వచ్చేది గేర్ల పటం. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, లివర్ న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు తొక్కి మొదలుపెడితే ముందు క్లచ్ పూర్తిగా విడిపోతుంది. తర్వాత యాక్చువేటర్ ఒక వరసకు వెళ్లి, ముందుకు తోసి ఆగేదాకా వెళ్లి, వెనక్కి లాగి ఆగేదాకా వెళ్లి, ఆ రెండు కొసల అంకెలూ రాసుకుని తర్వాతి వరసకు జరుగుతుంది. బయటికి టక్ టక్ మని, నడుమ పంపు జుయ్యిమని వినిపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె వెలిగి ఆరుతుంది. ఆ కొద్ది నిమిషాలూ లివర్, తాళం, తలుపు ముట్టుకోకూడదు. సాఫ్ట్‌వేర్ అడిగితే తప్ప పెడల్ మీద కాలు కదపకూడదు. ఒక గేరు దగ్గర పళ్లు ఎదురెదురుగా తగిలి ఆగిపోవడం మామూలే. టీసీయూ క్లచ్‌ను కాస్త వదిలి, షాఫ్టును కొంచెం తిప్పి మళ్లీ ప్రయత్నిస్తుంది. పదేపదే ఒకే గేరు దగ్గర ఆగుతుంటే మాత్రం లోపల సింక్రో రింగో ఫోర్కో అరిగిందని అనుమానించాలి.

రెండో అంకం టచ్ పాయింట్. చూడటానికి ఇంతకంటే ముచ్చటైన ఘట్టం ఈ పనిలో లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక, గేర్‌బాక్స్‌ను న్యూట్రల్‌లో ఉంచి మొదలుపెడితే టీసీయూ క్లచ్‌ను పూర్తిగా విడదీస్తుంది. ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది, గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోతుంది. లైవ్ డేటాలో ఇంజిన్ వేగం ఎనిమిది తొమ్మిది వందల దగ్గర నిలబడి, షాఫ్ట్ వేగం సున్నాకు దిగడం కనిపిస్తుంది. అప్పుడు క్లచ్ వెంట్రుకవాసి చొప్పున ముందుకు వస్తుంది. కాసేపు సున్నా సున్నాగానే ఉంటుంది. ఒక చోట షాఫ్ట్ వేగం కదులుతుంది, మొదట పదులు, తర్వాత వందలు. లైనింగు ఫ్లైవీల్‌ను తాకింది. షాఫ్టు కదిలిన ఆ క్షణంలో క్లచ్ సెన్సర్ చూపిన అంకెనే టీసీయూ టచ్ పాయింట్‌గా రాసుకుంటుంది. కొన్ని బండ్లలో సరిచూసుకోవడానికి ఇదే రెండు మూడు సార్లు జరుగుతుంది. కార్లన్నిటిలో పద్ధతి అచ్చం ఇలాగే ఉండదు. కొన్నిటిలో బ్రేకు తొక్కి గేరులో పెట్టమంటుంది, కొన్నిటిలో గేర్‌బాక్స్ వేడి ఇంత ఉండాలంటుంది. స్క్రీన్ మీద వచ్చే సూచనే అక్కడ ప్రమాణం.

పూర్తయిందని సందేశం వచ్చాక తాళం ఆపి ఒకటి రెండు నిమిషాలు వదిలేయాలి. నేర్చుకున్న అంకెలను టీసీయూ శాశ్వత జ్ఞాపకంలో రాసుకునేది తాళం ఆపిన తర్వాతే. ఆ వేళ అడాప్టర్ పీకడం, బ్యాటరీ తీగ తీయడం చేస్తే చేసిన పని పోతుంది. మళ్లీ ఆన్ చేసి కోడ్‌లు చెరిపి, కొత్త అంకెలను పాతవాటి పక్కన పెట్టి చూడాలి. టచ్ పాయింట్ కొద్దిగా జరిగి ఉంటే అంతా సవ్యం. ఏమీ జరగకపోతే కుదుపుకు కారణం క్లచ్ కాదని అర్థం. హద్దు అంచుకు చేరితే ప్లేటు చివరి దశలో ఉందని అర్థం. బండి కుదుపు తగ్గినా తగ్గకపోయినా ఈ మూడింట్లో ఏదో ఒక జవాబు దొరుకుతుంది. ఇంటి దగ్గర ఈ పని చేసుకోవడంలో అసలు లాభం ఇదే. షెడ్డులో క్లచ్ మార్చాలని ఎవరైనా చెబితే ఎదురు అడగడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.

తర్వాత బండిని నెమ్మదిగా నడపాలి. ఆగి, కదిలి, ఐదో గేరు దాకా వెళ్లి, మళ్లీ దిగి వస్తుంటే మిగిలిన సర్దుబాటు టీసీయూ తానే చేసుకుంటుంది. ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి సాగే విశాలమైన రోడ్లు ఇందుకు అనువుగా కనిపిస్తాయి. తెల్లవారుజామున మాత్రం అవి నడకకు వచ్చేవాళ్లవి. గేరు ఎప్పుడు ఎగురుతుందో తెలియని బండిని ఆ గుంపులోకి తీసుకెళ్లడం తగదు. అంతా సర్దుకున్నాక లాలాపేట వంతెన లాంటి ఎత్తు మీద బ్రేకు వదిలి, బండి వెనక్కి జారకుండా కదులుతుందో లేదో చూస్తే పరీక్ష ముగిసినట్టే.

పని మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది? చాలా కార్లలో కొలతలు సగమే ఉన్నప్పుడు టీసీయూ ఏ గేరూ వెయ్యదు, కొన్నిటిలో ఇంజిన్ స్టార్ట్ కూడా కానివ్వదు. కంగారుపడి బ్యాటరీ పీకడం పొరపాటు. కోడ్‌లు చదివి, బ్యాటరీ వోల్టేజీ సరిచూసి, అదే క్రమాన్ని మొదటి నుంచి నడిపితే చాలాసార్లు కుదురుతుంది. అప్పటికీ కాకపోతే టోయింగు బండి రావలసిందే. ఏఎంటీకి పార్కింగ్ లాక్ ఉండదు, గేరులో పెట్టి ఆపడమే దాని పార్కింగు. గేరులో ఉండగా టీసీయూ మొరాయిస్తే ముందు చక్రాలు తిరగవు, తాడు కట్టి లాగితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. ముందు చక్రాలు పైకెత్తి లాగాలి, లేదా మొత్తం బండిని చదునైన టోయింగు లారీ మీదికి ఎక్కించాలి. ఆ మాట ఫోనులోనే చెప్పడం మంచిది, ఎందుకంటే తాడు పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

వారంటీలో ఉన్న బండికి ఇంటి దగ్గర ఈ పని చేయడం తెలివి తక్కువ. సర్వీస్ సెంటర్‌లో చేయించి, పాత, కొత్త అంకెలు కాగితం మీద అడిగి తీసుకోవాలి. వారంటీ దాటిన బండికి, యజమానికి ఓపిక ఉంటే, చేసుకోదగ్గ పనే. టీసీయూ లోపలి ప్రోగ్రామును మార్చే ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఎక్కడో దొరికిన ఫైలుతో టీసీయూ చచ్చిపోతే, దాని ఖరీదు ఒక క్లచ్ సెట్టును మించుతుంది. ఏఎంటీ కారు ఉన్నవాళ్లు చేయవలసిన చిన్న పని ఒకటి ఉంది. బండి బాగున్నప్పుడే ఒకసారి స్కాన్ చేయించి, టచ్ పాయింట్ అంకెను, ఆనాటి తేదీని, కిలోమీటర్లను సర్వీసు పుస్తకం లోపలి అట్ట మీద రాసి పెట్టుకోవాలి.